పొట్టి నారింజ అంటు: ఎత్తు విషయంలో మాట నిలబెట్టుకుంది, లేబుల్‌కి మాత్రం మార్కులు తక్కువ

జాగా తక్కువ ఉండి నారింజ పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం రాస్తున్నా. నేను తీసుకున్నది వాలెన్షియా రకం, ఫ్లయింగ్ డ్రాగన్ అనే వేరుమొక్క (అంటుకి వేర్లుగా ఉండే కింది మొక్క) మీద కట్టిన అంటు. ఆ రెండో పేరు లేబుల్ మీద ఎక్కడా లేదు, ఉన్నదల్లా నారింజ, పొట్టి రకం అని. నర్సరీవాళ్లని గుచ్చి గుచ్చి అడిగితే గానీ చెప్పలేదు, నాకు కోపం వచ్చింది ఇక్కడే. చెట్టు ఎంత ఎదుగుతుందో చాలావరకు తేల్చేది అంటు కింద ఉన్న ఆ వేరుమొక్కే కదా! ఇదే వాలెన్షియా మామూలు వేరుమొక్క మీదైతే 5, 6 మీటర్లకు సులువుగా పోతుంది, గింజ నుంచి వచ్చిన చెట్టయితే 10 మీటర్ల దాకా కూడా ఎదుగుతుంది, పైగా ఒళ్లంతా ముళ్లు, కాపు కోసం ఏడెనిమిదేళ్లో అంతకంటే ఎక్కువో ఆగాలి. ఫ్లయింగ్ డ్రాగన్ మీద మాత్రం సాధారణంగా 2 నుంచి 2.5 మీటర్ల దగ్గరే ఉండిపోతుంది. నా చెట్టుకి నిచ్చెన అవసరం పడలేదు, కాయలన్నీ చేతికి అందుతాయి, పెద్ద కుండీలో కూడా బతుకుతుంది.

ఎదుగుదల నెమ్మది, ఇది ముందే తెలుసుకుని కొనండి. నారింజ ఏడాది పొడవునా ఒకే తీరుగా పెరగదు, దఫాలుగా చిగురు వేస్తుంది, మధ్యలో వారాల తరబడి కదలనట్టే కనిపిస్తుంది. పూత మాత్రం విపరీతం, వాసన చాలా బాగుంటుంది. తర్వాత పూలూ పిందెలూ కుప్పలుగా రాలిపోతుంటే టెన్షన్ పడొద్దు, వంద పూలలో ఒకటో రెండో కాయగా మిగిలితే చాలు, అది మామూలే. వాలెన్షియా కాయ పండడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, అందుకే పాత కాయలు ఉండగానే కొత్త పూత వచ్చేస్తుంది. నాకు ఈ రకంలో బాగా నచ్చింది అదే. రంగుని మాత్రం నమ్మకండి, వాతావరణం వేడెక్కితే పండిన కాయ తొక్క మళ్లీ ఆకుపచ్చగా మారుతుంది. కోశాక నారింజ ఇంకా పండదు కాబట్టి ముందు ఒకటి కోసి రుచి చూసి, తర్వాత మిగతావి కోయండి.

అంటు అతుకు నేలకి పైనే ఉండాలి, దాన్ని మట్టితో కప్పేశారంటే కుళ్లు తెగులు పట్టే ప్రమాదం ఉంది. అతుకు కింద నుంచి మూడేసి ఆకులున్న కొమ్మ వస్తే అది వేరుమొక్కది, లేతగా ఉన్నప్పుడే పీకేయండి, వదిలేస్తే బలమంతా అదే లాగేసుకుంటుంది. తిండి తీసుకునే వేర్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి, అందుకని పాదులో లోతుగా తవ్వకూడదు, నీళ్లు నిలవకూడదు.

మొక్క ఆరోగ్యానికీ సైజుకీ 5కి 5 ఇస్తా, లేబుల్‌కి 2 దాటి ఇవ్వలేను. సున్నం ఎక్కువున్న నేల అయితే మాత్రం ఈ అంటు తీసుకోకండి, ఈ వేరుమొక్కకి అక్కడ ఇనుము సరిగా అందక ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కుతుంది, అలాంటి నేలకి వేరే వేరుమొక్క మీద కట్టింది అడిగి తీసుకోండి.