ద ఫక్ ఐదేళ్లు వాడిన తర్వాత

పేరు చూసి నన్ను తిట్టకండి, టూల్ పేరే అది. 2015లో వచ్చిన పైథాన్ టూల్, కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో 80 వేలకు పైనే స్టార్లున్నయి. టెర్మినల్లో, అంటే కంప్యూటర్‌కి టైప్ చేసి పని చెప్పే విండోలో, కమాండ్ తప్పు కొట్టి తర్వాత ఆ బూతుమాట కొడితే సరైన కమాండ్ చూపిస్తది, ఎంటర్ నొక్కితే రన్ చేస్తది, అంతే. హైటెక్ సిటీలో మా ఆఫీసులో స్క్రీన్ షేర్ నడుస్తుండగా అలవాటులో అది కొట్టేసిన, కాల్‌లో ఎవరూ కిక్కురుమనలే, ఆ రోజే అలియాస్, అంటే టూల్‌ని పిలిచే మాట, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘అయ్యో’ అని మార్చుకున్న.

స్పెల్లింగ్ తప్పులకైతే ఇది అంత అవసరం లేదు, టెర్మినల్లో కమాండ్లు తీసుకునే జెడ్‌షెల్‌లోనే కరెక్షన్ ఉంటది. నాకు పనికొచ్చేది కోడ్ మార్పులు దాచే గిట్ దగ్గర. కోడ్‌ని సర్వర్‌కి పంపడానికి కొత్త బ్రాంచ్ నుంచి గిట్ పుష్ కొడితే అప్‌స్ట్రీమ్, అంటే సర్వర్‌లో దానికి జత బ్రాంచ్, లేదని లొల్లి చేస్తది కదా, అయ్యో అంటే ఆ పొడుగు సెట్-అప్‌స్ట్రీమ్ లైన్ మొత్తం బ్రాంచ్ పేరుతో సహా అదే రాసిస్తది. రోజుకి నాలుగుసార్లు వాడతా.

ఒకటి మాత్రం తెలుసుకుని వాడండి. ఎర్రర్ ఏమొచ్చిందో చదవడానికి మీరు కొట్టిన కమాండ్‌ని ఇది మళ్లీ రన్ చేస్తది! నాకిది తెల్వక, టీమ్ మొత్తానికి టెస్ట్ మెయిల్ పంపి చివర్లో ఫెయిలయ్యే మా స్క్రిప్ట్ మీద అయ్యో కొట్టిన, అందరికీ రెండో మెయిల్ పోయింది. మామూలుగా 3 సెకన్లు చూసి ఆపేస్తది కానీ మెయిల్ పోవడానికి అది చాలు. ఇన్‌స్టంట్ మోడ్ పెట్టుకుంటే మళ్లీ రన్ చేయకుండా లాగ్ నుంచి చదువుతది, ఇంకా ఎక్స్‌పెరిమెంటల్ అనే పేరుతోనే ఉంది, నేను ఆన్ చేసే ఉంచిన.

మెయింటెనెన్స్ సంగతి కొంచెం బాధే. 3.32 వెర్షన్ 2022 జనవరిలో వచ్చింది, తర్వాత పైథాన్ 3.12లో ఇది వాడే పాత ఇంప్ మాడ్యూల్ తీసేసరికి అది స్టార్టే కాలేదు, నేను పైథాన్ టూల్స్‌ని వేటికవి విడిగా పెట్టే పిప్‌ఎక్స్‌తో పైథాన్ 3.11 మీద విడిగా పెట్టుకుని నడిపిస్తున్న. ఇదే పని చేసే, రస్ట్ భాషలో రాసిన పే-రెస్పెక్ట్స్ కూడా ట్రై చేసిన, మస్తు ఫాస్ట్, కానీ నా పైథాన్ రూల్స్ దాంట్లో నడవవు.

ఆ రూల్స్ కోసమే వదల్లేకపోతున్న. రూల్ అంటే చిన్న ఫైల్, మ్యాచ్ అనే ఫంక్షన్ ఈ తప్పు నాదేనా అని చూస్తది, ఇంకోటి కొత్త కమాండ్ తిరిగిస్తది. కీబోర్డ్ భాష మార్చడం మర్చిపోతే సరిచేసే రూల్ ద ఫక్‌లోనే ఉంది, రష్యన్, గ్రీకు లాంటివి ఉన్నయి, తెలుగు లేదు. అమ్మకి వాట్సాప్ వెబ్‌లో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డ్‌తో మెసేజ్ పెట్టి అట్లనే టెర్మినల్‌కొస్తే ఫైళ్ల లిస్ట్ చూపే ఎల్ఎస్ కమాండ్ కొట్టినా ‘తే’ అని పడుతది, స్లాష్ కొడితే ‘య’. కీకి కీ మ్యాపింగ్ రాసి, అవుట్‌పుట్ అక్కర్లేదని ఒక లైన్ పెట్టిన, కాబట్టి అవుట్‌పుట్ దొరక్కపోయినా రూల్ పనిచేస్తది. అంతా అయినంక చూస్తే అయ్యో అని కొట్టాలన్నా ముందు కీబోర్డ్ మార్చాలి! అదే కీలు తెలుగులో నొక్కితే ‘ోబబద’ వస్తది. దాన్ని కూడా అలియాస్ పెట్టేసిన.