హైదరాబాద్ ఒక్కరోజు టూర్ బస్సు: ఎక్కేముందు ఇది చదవండి

మా అత్తయ్య, మామయ్య రాజమండ్రి నుంచి మొదటిసారి హైదరాబాద్ వచ్చారని ఒక ప్రైవేటు టూర్ బస్సులో సీట్లు బుక్ చేశాను. బస్సు బాగుంది, ఏసీ బాగుంది, టైమే లేదు. చార్మినార్ దగ్గర ముప్పావుగంట ఇచ్చారు, సగం టికెట్ లైన్లోనే పోయింది, ఇక 1591 నాటి ఆ కట్టడం ఎక్కుతామా, పక్కనే ఉన్న మక్కా మసీదుకి వెళ్తామా, లాడ్ బజార్లో లక్క గాజులు బేరమాడుతున్న అత్తయ్యని బయటికి లాక్కొస్తామా!

సాలార్‌జంగ్ మ్యూజియంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. సరిగ్గా పన్నెండింటికి పాత గడియారం ముందున్నాం. బుల్లి బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే మామయ్య చిన్నపిల్లాడిలా లెక్కపెట్టారు. గోల్కొండలో కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని గైడ్ చెప్పాడు, కానీ ఎక్కే టైమివ్వలేదు (మోకాళ్ల నొప్పులున్న మావాళ్లు ఎలాగూ ఎక్కలేరు, అది వేరే సంగతి).

శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, ఈ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసేస్తారు. నా రేటింగ్ ఐదుకి రెండున్నర. ఈసారి ఆటో మాట్లాడుకుని, మధ్యలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో పాతబస్తీకే రోజంతా ఇస్తాను.