ఎర్లీ డెసిషనా, రెగ్యులరా: ముందు డబ్బు సంగతి తేల్చుకోండి

చాలా అమెరికా యూనివర్సిటీలకి ఒకేచోట దరఖాస్తు చేసుకునే ఆన్‌లైన్ ఫారం, కామన్ యాప్, ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ఆ వారం నుంచే నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. ఐవీ లీగ్, స్టాన్‌ఫర్డ్, ఎమ్‌ఐటీ లాంటి చోట్లకి పిల్లల్ని డిగ్రీకే పంపాలనుకునే తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "ఎర్లీ డెసిషన్ వేస్తే చాన్స్ పెరుగుతుందట కదండీ, వేయించేద్దామా?" నవంబర్‌లోనే ఒక్క చోటికి అప్లై చేసి, సీటొస్తే అక్కడే చేరతామని ముందే మాటివ్వడం ఎర్లీ డెసిషన్. ఆ మాటేమీ లేకుండా జనవరి గడువుకి వేసేది రెగ్యులర్. పోయినేడు మా అన్నయ్య కూతురి దరఖాస్తులు దగ్గరుండి పూర్తి చేయించాక ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. దాచుకోవడం ఎందుకు, ముందే చెప్పేస్తాను. ఫీజంతా మీరే కట్టుకోగలిగితే ఎర్లీ డెసిషన్ వేయించండి. ఎయిడ్, అంటే యూనివర్సిటీ ఇచ్చే ఆర్థిక సాయం, రాకపోతే పంపలేం అనుకునే ఇంటికి మాత్రం, కొద్ది చోట్ల తప్ప, అది సరిపడదు.

ముందు చాన్సు మాట. కన్సల్టెన్సీల వాళ్లు చూపించే అంకెలు అబద్ధం కాదు. చాలాచోట్ల ఎర్లీలో సీటు వచ్చే శాతం రెగ్యులర్ కన్నా బాగా ఎక్కువే. పెన్ (పెన్సిల్వేనియా) లాంటి యూనివర్సిటీలో కొత్త బ్యాచ్‌లో సగం దాకా ఎర్లీ డెసిషన్‌తోనే నిండుతుంది. వాళ్ల వైపు నుంచి చూస్తే లాభం తెలుస్తూనే ఉంది: సీటిస్తే ఖచ్చితంగా చేరేవాళ్లెవరో డిసెంబర్‌కే తేలిపోతుంది. కాకపోతే ఆ శాతం లోపల ఎవరెవరున్నారో చూడాలి. కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లు, అక్కడే చదివిన తల్లిదండ్రుల పిల్లలు పెద్ద సంఖ్యలో ఎర్లీలోనే వస్తారు. కూకట్‌పల్లి నుంచో విజయవాడ నుంచో అప్లై చేసే పిల్లకి ఆ రెండు దారులూ లేవు. వాళ్లని పక్కన పెట్టినా కొంత లాభం మిగులుతుంది, ఒప్పుకుంటాను. కరపత్రంలో చూపించినంత మాత్రం కాదు.

ఇక అసలు సంగతి, డబ్బు. ఈ యూనివర్సిటీల్లో ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. మన డబ్బుల్లో ముప్పావు కోటి పైమాటే, అదీ ఒక్క ఏడాదికి. ఎర్లీ డెసిషన్ ఒప్పందం మీద విద్యార్థి, తల్లిదండ్రులు, స్కూలు కౌన్సిలర్ ముగ్గురూ సంతకం పెడతారు. సీటొస్తే చేరతాం, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకుంటాం అని దాని సారాంశం. అంటే సరే అని సంతకం ముందు, ధర చెప్పడం తర్వాత. ఎయిడ్ చాలకపోతే ఒప్పందం నుంచి బయటపడొచ్చు, ఆ వెసులుబాటు నిజంగానే ఉంది. కానీ ఆ జవాబొచ్చేది డిసెంబర్ మధ్యలో. అప్పుడు ఎయిడ్ ఆఫీసుకి కాగితాలు పంపి, మళ్లీ లెక్క వేయమని అడిగి, వాళ్లు కాదనేసరికి రెగ్యులర్ గడువులు నెత్తిమీదుంటాయి. చాలావాటికి జనవరి మొదటి వారమే ఆఖరు. పైగా చేతిలో ఇంకో ఆఫర్ లేనప్పుడు బేరమాడేది దేన్ని చూపించి?

ఇంతకన్నా ముఖ్యమైనది, కన్సల్టెన్సీలో ఎవరూ విడమరిచి చెప్పనిది ఇంకోటుంది. విదేశీ విద్యార్థి ఎయిడ్ అడిగితే ఆ సంగతి చూసి సీటు ఇవ్వాలా వద్దా అని తేల్చే యూనివర్సిటీలు కొన్ని, అది అసలు చూడకుండా తేల్చేవి కొన్ని. మొదటివాటిని నీడ్ అవేర్ అనీ రెండోవాటిని నీడ్ బ్లైండ్ అనీ అంటారు. పెన్, కొలంబియా, కార్నెల్, ఆఖరికి స్టాన్‌ఫర్డ్ కూడా మన పిల్లల విషయంలో మొదటి రకమే. అక్కడ ఎయిడ్ కావాలి అని టిక్ పెట్టగానే పోటీ ఇంకా బిగుసుకుంటుంది. పోనీ టిక్ పెట్టకుండా సీటు తెచ్చుకుని తర్వాత అడుగుదామంటే కుదరదు. దరఖాస్తు రోజు అడగని విదేశీ విద్యార్థికి ఆ నాలుగేళ్లలో ఎప్పుడూ ఎయిడ్ ఇవ్వమని స్టాన్‌ఫర్డ్ తేల్చి చెబుతుంది. కాబట్టి ఎర్లీతో వచ్చే ఆ కాస్త లాభాన్ని ఎయిడ్ టిక్కు తినేస్తుందా అన్నదే మీ ప్రశ్న కావాలి. నీడ్ అవేర్ చోట తినేస్తుందనే నా అభిప్రాయం.

విదేశీయులకీ నీడ్ బ్లైండ్‌గా ఉండే చోట్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎమ్‌ఐటీ, ఆమ్‌హెర్స్ట్, 2022 నుంచి డార్ట్‌మత్, బౌడిన్, 2025లో చేరిన బ్యాచ్ నుంచి బ్రౌన్, ఇంకో ఒకటి రెండు. వీటిలో మొదటి నాలుగింటికీ ఎర్లీ డెసిషన్ లేనే లేదు, ఎర్లీ యాక్షన్ ఉంది. నవంబర్ 1కి అప్లై చేస్తారు, డిసెంబర్‌లో జవాబొస్తుంది, చేరాలా వద్దా అని మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లకి ఒక షరతుంది: ఎర్లీలో ఇంకో ప్రైవేట్ యూనివర్సిటీకి వేయకూడదు. ప్రభుత్వ యూనివర్సిటీలకీ వేరే దేశాలకీ వేసుకోవచ్చు. ఎమ్‌ఐటీ తన వైపు నుంచి ఆ షరతు కూడా పెట్టదు. ఎయిడ్ అవసరమైన పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే దారి. సంతకం లేదు, ధర తెలిశాకే నిర్ణయం, ఎయిడ్ అడిగినందుకు నష్టమూ లేదు.

ఈ మాట చెబితే "హార్వర్డ్‌లో మనకెక్కడొస్తుందండీ" అని నవ్వేస్తారు. రాకపోవచ్చు. ఈ మొదటి నాలుగు చోట్లలో మొత్తం మీదే వందకి నలుగురైదుగురికి వస్తుంది, విదేశీ పిల్లలకి ఇంకా తక్కువ. కానీ వస్తే లెక్క ఎలా ఉంటుందో చూడండి. 2025-26 నుంచి హార్వర్డ్‌లో ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయం, మామూలు స్థాయి ఆస్తులు ఉన్న కుటుంబం ఏమీ కట్టక్కర్లేదు. రెండు లక్షల లోపైతే ట్యూషన్ ఉచితం. అక్కడి పౌరులకి వేసే లెక్కే మనకీ వేస్తారు. లక్ష డాలర్లంటే మన దగ్గర మొగుడూపెళ్లాలిద్దరూ మంచి జీతాలు తెచ్చుకునే ఇల్లు. ఆ స్థాయి ఇంటికి కార్నెల్‌లో ఎర్లీ డెసిషన్ అంటే ఎయిడ్ అడిగి పోటీ పెంచుకోవడమో, అడక్కుండా మూడు కోట్లు వెతుక్కోవడమో.

మా అన్నయ్య ఇంట్లో ఇది తేలింది సీఎస్ఎస్ ప్రొఫైల్ నింపేటప్పుడు. ఎయిడ్ కోసం చాలా ప్రైవేట్ యూనివర్సిటీలు అడిగే ఫారం అది. రూపాయల్లోనే నింపొచ్చు. మియాపూర్ ఫ్లాట్ ఏ సంవత్సరంలో కొన్నారు, ఎంతకి కొన్నారు, ఇవాళ ఎంత పలుకుతుంది, లోన్ ఎంత మిగిలింది, అన్నీ అడుగుతుంది. కొన్నప్పుడు 32 లక్షలు, ఇప్పుడు దానికి మూడు రెట్లు. "ఇంత ఆస్తి ఉందని రాస్తే మనకేం ఇస్తారు, తగ్గించి రాద్దామా" అని అన్నయ్య. వద్దన్నాను, తర్వాత కాగితాలు అడుగుతారు. అక్కడే తేడా బయటపడింది: హార్వర్డ్, ప్రిన్స్‌టన్ ఉంటున్న ఇంటి విలువని లెక్కలోకి తీసుకోవు, తీసుకునే చోట్లూ ఉన్నాయి. ఊళ్లో పొలం ఇంకా మా నాన్నగారి పేరునే ఉంది కనక అన్నయ్య ఆస్తుల్లో రాయలేదు. తన పేరున ఉంటే రాయాల్సిందే. ఒకే కుటుంబం, అవే కాగితాలు, అయినా ఒక్కో యూనివర్సిటీ ఇచ్చే ఎయిడ్ ఒక్కోలా ఉంటుంది. ఆ అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు ఎర్లీ డెసిషన్‌లో పోతుంది. యూనివర్సిటీల సైట్లలో ఖర్చు అంచనా వేసే క్యాలిక్యులేటర్లు ఉంటాయి గానీ అవి ఎక్కువగా అమెరికా కుటుంబాల కోసం చేసినవి. మన ఐటీ రిటర్నులు, మన భూములు వాటిలో సరిగా ఇమడవు.

డబ్బుకి ఇబ్బంది లేని ఇళ్లలో ఎర్లీ డెసిషన్‌కి నేను ఎదురు చెప్పను. పిల్లకి ఒక చోటే నిజంగా మనసులో ఉంటే, వెళ్లడానికి వెనకాడేదేమీ లేకపోతే, వేసేయండి. డార్ట్‌మత్, బ్రౌన్, ఆమ్‌హెర్స్ట్, బౌడిన్ అయితే ఎయిడ్ కావాల్సినవాళ్లు కూడా ఆలోచించొచ్చు. ధర తర్వాత తెలుస్తుందన్న చిక్కు అక్కడా ఉంది కానీ, అడిగినందుకు సీటు పోదు.

ఇంటర్ పిల్లలకి ఇంకో మాట. రెగ్యులర్ వ్యాసాలు రాయాల్సింది డిసెంబర్‌లో, జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో. రెండూ నెత్తినేసుకున్న పిల్లలు రెంటికీ చెడతారు. ఆ కారణానికి నవంబర్ గడువు నయం. అయితే నవంబర్‌కి కాగితాలు తేవడమూ తేలిక కాదు. తొమ్మిది, పది ఒక స్కూల్లో, ఇంటర్ ఇంకో కాలేజీలో, నాలుగేళ్ల మార్కులూ చూపాలి. కార్పొరేట్ కాలేజీలో కౌన్సిలర్ అనేవాడే ఉండడు. ఆ ఫారాలు ప్రిన్సిపాల్ నింపాలి, అదేమిటో ఆయనకి మీరే కూర్చోబెట్టి చెప్పాలి. రికమండేషన్ రాసే లెక్చరర్‌కి మీ అమ్మాయి రోల్ నంబరూ ర్యాంకూ తప్ప తెలియకపోవచ్చు. దసరా సెలవులకి ముందే అడగండి. తను చేసిన పనుల గురించి ఒక పేజీ రాసి చేతికివ్వండి.

న్యూజెర్సీ, డాలస్ నుంచి అడిగే మనవాళ్లకి జవాబు వేరు. పిల్లలు సిటిజన్లై, ఇంట్లో రెండు ఐటీ జీతాలుంటే పెద్దగా ఎయిడ్ రాదని క్యాలిక్యులేటరే చెప్పేస్తుంది. వాళ్లకి ఎర్లీ డెసిషన్ తెలివైన పనే. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు మాత్రం జాగ్రత్త. అమెరికాలోనే హైస్కూలు చదివినా ఎయిడ్ లెక్కలో చాలాచోట్ల వాళ్లు విదేశీయులే, ఫెడరల్ ఎయిడ్ అసలే రాదు. పైన రాసినదంతా వాళ్లకీ వర్తిస్తుంది.

ఎర్లీ డెసిషన్ 2 అని జనవరి గడువుతో ఇంకోటుంది. అదే సంతకం, అదే చిక్కు, కొత్తగా చెప్పేదేం లేదు. ప్రభుత్వ యూనివర్సిటీల ఎర్లీ యాక్షన్ ఎలాగూ వేయండి, సంతకం లేదు కాబట్టి పోయేదేమీ లేదు. విదేశీయులకి ఎయిడ్ మాత్రం పెద్దగా ఆశించకండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అడిగినవాళ్లకి: గడువు అక్టోబర్ 15, ఒక ఏడాదిలో రెంటిలో ఒకదానికే వేయనిస్తారు.