అరచేతి రికార్డర్‌తో మూడేళ్లు

అమ్మ పాడే బతుకమ్మ పాటలు దాచిపెడదామని మూడేళ్ల కిందట కోఠి గుజరాతీ గల్లీలో ఈ రికార్డర్ కొన్నాను. పైన రెండు మైకులు, రెండు సన్న పెన్సిల్ సెల్లులు, ఒక మెమరీ కార్డు, అంతే. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకంవన్నీ ఇంచుమించు ఒకే తీరు.

మొదటి ఏడాది సద్దుల బతుకమ్మ నాడే దెబ్బ తిన్నాను. ఇంట్లో అమ్మ ఒక్కతే మెల్లగా పాడుతుంటే దానికి తగ్గట్టు లెవెల్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి రాసుకోవాలన్నది) పెట్టుకుని, అదే లెవెల్‌తో కాలనీ గ్రౌండుకి పోయాను. ఇరవై మంది ఆడవాళ్లు ఒక్కసారి చప్పట్లు చరిచారు. ఎర్ర లైటు వెలిగిందట, నేను చూసుకోలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే తరంగాల కొసలన్నీ కత్తిపీటతో తరిగినట్టు చదునుగా ఉన్నాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. పాత క్యాసెట్ కొంచెం ఎక్కువైనా ఓర్చుకునేది. డిజిటల్‌లో సున్నా డెసిబెల్ అంటే పైకప్పు, అక్కడ అంకెలు అయిపోతాయి, ఆ పైది ఎక్కడా రాసుండదు. ఆ చప్పట్ల కింద పాట ఇప్పటికీ పగిలే వినిపిస్తుంది.

ఇప్పుడు 24 బిట్ (శబ్దం ఒక్కో కొలతని రాసుకునే అంకెల సంఖ్య) పెట్టి, ఎంత పెద్ద చప్పుడైనా మైనస్ 12 డెసిబెల్స్, అంటే ఆ పైకప్పుకి 12 కింద, దాటకుండా చూసుకుంటాను. మెల్లగా వస్తే తర్వాత పెంచుకోవచ్చు. లెక్క ప్రకారం 16 బిట్‌లో అతి మెల్లని చప్పుడు నుంచి అతి పెద్దదాని దాకా 96 డెసిబెల్స్ చోటు, 24లో 144. మైకు సొంత రొదే అంత కిందికి దిగదు. శాంప్లింగ్, అంటే సెకనుకి ఎన్నిసార్లు శబ్దాన్ని కొలవాలన్నది, 48 కిలోహెర్ట్జ్ (48 వేల సార్లు) చాలు. మన చెవికి వినిపించేదే 20 కిలోహెర్ట్జ్ దాకా, దానికి రెట్టింపు దాటితే సరి. 96 కిలోహెర్ట్జ్ పెడితే కార్డు త్వరగా నిండింది తప్ప నాకు తేడా తెలియలేదు. 48లో స్టీరియో గంటకి ఒక జీబీ దాకా తింటుంది.

ఆటో లెవెల్ (రికార్డరే లెవెల్ మార్చుకోవడం) జోలికి పోకండి. అమ్మ ఊపిరి తీసుకునే సందులో అది లెవెల్ ఎత్తేసి, ఫ్రిజ్ రొదని పాటకి సమానంగా నిలబెడుతుంది.

విసిగించేవీ ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే వేలు కదిలినా గరగర, స్టాండు ఉండాల్సిందే. చార్జర్‌కి తగిలించి రికార్డు చేస్తే వెనక 50 హెర్ట్జ్ గుయ్‌మంటుంది. సెల్లులు మార్చినప్పుడల్లా తేదీ పోతుంది. ఫైళ్లు చూస్తే అమ్మ సగం పాటలు జనవరి 1నే పాడింది.

మా ఇల్లు నల్లకుంటలో, రోడ్డు పక్కనే. ఆటోల హారన్లకి ఏ మైకూ మందు కాదు. బట్టల బీరువా తెరిచి చీరల ముందు అమ్మని కూర్చోబెడితే గది మోగడం మాత్రం తగ్గింది. ఫ్యాను ఆపక తప్పదు. మే నెలలో మూడు పాటలకి మించి ఆవిడ ఒప్పుకోదు.