డజను ఈల్స్ 36 డాలర్లు: స్ట్రైపర్ వేటకు ఆ ధర గిట్టుతుందా?

అమెరికా ఈశాన్య తీరంలో ఎరల షాపుకి వెళ్తే బతికున్న ఈల్ (పాములా పొడుగ్గా, జారుడుగా ఉండే చేప) ఒక్కోటి మూడు డాలర్ల అటూఇటూ పలుకుతోంది. డజనుకి 36 డాలర్లు. స్ట్రైపర్, అంటే ఒంటిమీద చారలుండే స్ట్రైప్డ్ బాస్ చేప కోసం గాలం పట్టుకుని బయల్దేరినవాళ్ళు చాలామంది ఆ మాట వినగానే పక్కనున్న బ్లడ్‌వర్మ్‌ల (ఎరగా వాడే సముద్రపు పురుగుల) డబ్బా తీసుకుంటారు, డజను 15 నుంచి 20 డాలర్లే కదా అని. తెల్లారేసరికి ఆ చవక ఎరే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. ఎర ఖరీదును గంటల్లో లెక్కేయాలి.

బ్లడ్‌వర్మ్‌ను ముక్కలు చేసి ముల్లుకి గుచ్చుతారు. నీళ్ళు వెచ్చబడ్డాక ఆ ముక్క పావుగంట నిలిస్తే గొప్ప. పీతలు, స్కేట్‌లనే బల్లపరుపు చేపలు, చిన్నాచితకా చేపలు కొరికేస్తాయి. నాలుగు గంటలు కూర్చుంటే డజను చాలదు. ఈల్ అలా కాదు. ఏ పళ్ళ చేపా తగలకపోతే ఒక్క ఈల్‌తోనే ముప్పై నలభై సార్లు విసరొచ్చు, అప్పటికీ తోక ఆడిస్తూనే ఉంటుంది. రాత్రి నాలుగు గంటలకి మనిషికి ఆరు నుంచి ఎనిమిది సరిపోతాయి, అంటే 18 నుంచి 24 డాలర్లు.

దీనికి ఒక మినహాయింపుంది. మార్చి, ఏప్రిల్‌లో నీళ్ళు చల్లగా ఉండి న్యూయార్క్, న్యూజెర్సీల మధ్యనున్న రారిటన్ బే లాంటి చోట్ల స్ట్రైపర్లు బద్ధకంగా తిరిగేటప్పుడు బ్లడ్‌వర్మ్‌ను మించింది లేదు. అప్పటికి పీతలు కూడా లేవవు కాబట్టి ముక్క నిలుస్తుంది. పురుగు పట్టుకునేటప్పుడు తల వైపు జాగ్రత్త. నోరు బయటికి తన్నినప్పుడు నాలుగు నల్లటి కోరలు కనిపిస్తాయి, కరిస్తే కందిరీగ కుట్టినట్టే ఉంటుంది.

బంకర్ అనే ఎర చేప సంగతి వేరు. పడవ ఉన్నవాళ్ళకి అదే రారాజు. గుంపు కనబడితే వల విసిరి పట్టుకోవచ్చు, ఎరకు పైసా ఖర్చు లేదు. కానీ దాన్ని బతికించే తొట్టికి, పంపుకి పెట్టే డబ్బు ఎన్నో సీజన్ల ఈల్స్‌తో సమానం. తొట్టి గుండ్రంగా ఉండి తీరాలి. బంకర్ ఆగకుండా ఈదే చేప, మూలలుంటే అక్కడ ఇరుక్కుని గోడకి కొట్టుకుని ముక్కు ఎర్రబడి చస్తుంది. మూడు ముళ్ళ గాలంతో బంకర్‌ను గుచ్చి పట్టి, అదే గాలంతో అక్కడే వదిలేసే పాత పద్ధతి ఇప్పుడు కుదరదు. పట్టిన బంకర్‌ను సర్కిల్ హుక్‌కి (మొన లోపలికి తిరిగి గుండ్రంగా ఉండే ముల్లుకి) మార్చి గుచ్చాలి. ఇక రివర్ హెర్రింగ్ అనే ఎర చేప జోలికి పోవద్దు. చాలా రాష్ట్రాల్లో దాన్ని పట్టడమే నిషేధం.

కాబట్టి ఒడ్డు మీంచి వేసేవాళ్ళకి ఈల్‌దే మొదటి స్థానం. అయితే షాపులో కళ్ళు తెరిచి కొనాలి. తొట్టి అడుగున ఈల్స్ ప్రశాంతంగా ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటే మంచి సరుకు. నీళ్ళ మీద నురగ కట్టినా, రెక్కల అంచులు ఎర్రబారినా, ఒంటిమీద తెల్ల మచ్చలున్నా ఆ షాపు వదిలేయండి. వేలంత లావు, 10 నుంచి 12 అంగుళాల పొడవు అడిగి తీసుకోండి. పెద్దవి ఏరుకోవాలన్న ఆశ అక్కర్లేదు. 2023 నుంచి సముద్ర తీరంలో ఇంటికి తీసుకెళ్ళనిచ్చేది రోజుకి ఒక్క స్ట్రైపర్, అదీ 28 నుంచి 31 అంగుళాల మధ్యది. ఆ సైజు చేపకి వేలంత ఈల్ చాలు. మేరీలాండ్, వర్జీనియాల్లోని చెసపీక్ బే కొలతలు వేరు, అక్కడికి వెళ్ళేవాళ్ళు విడిగా చూసుకోవాలి.

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా షాపుకీ నీళ్ళకీ మధ్య. ఈల్స్‌ను నీళ్ళు పోసిన సంచిలో ఎప్పుడూ తీసుకురావద్దు. ఆ కాసిని నీళ్ళలో ప్రాణవాయువు అయిపోతుంది, పైగా వాటి ఒంటి జిగురే వాటికి ఊపిరాడనివ్వదు. ఒళ్ళు తడిగా, చల్లగా ఉంటే అవి చర్మంతోనే గాలి పీల్చుకుంటాయి, నీళ్ళతో పనిలేదు.

ఐదు గ్యాలన్ల బకెట్లు రెండు తీసుకోండి. ఒకదాని అడుగున పావు అంగుళం బెజ్జాలు ఓ ఇరవై వేయండి. అంతకన్నా పెద్దవైతే సన్నపాటి ఈల్స్ దూరి జారుకుంటాయి. రెండో బకెట్లో నాలుగైదు అంగుళాల మందాన ఐసు పోసి, బెజ్జాల బకెట్‌ను అందులో దింపండి. ఈల్స్ వేసి, సముద్రపు నీళ్ళలో ముంచి పిండిన గోనెగుడ్డ కప్పి, మూత గట్టిగా బిగించండి. మూత వదులుగా ఉంటే తెల్లారేసరికి ఒక్కటీ ఉండదు. జిగురు బెజ్జాల్లోంచి కిందికి కారిపోతుంది, కరిగిన ఐసు నీళ్ళు ఈల్స్‌కి తగలవు. ఇలా పెడితే రాత్రంతా నిక్షేపంగా ఉంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. చల్లబడ్డ ఈల్ మందగించి చేతికి లొంగుతుంది. వెచ్చటి ఈల్‌ను వట్టి చేత్తో పట్టడం అయ్యే పని కాదు, పొడి గుడ్డతో తల వెనక పట్టుకోవాలి.

గుచ్చడం ఇలా: 7/0 లేదా 8/0 సైజు సర్కిల్ హుక్, మొన పక్కకి వంగనిది. స్ట్రైపర్‌కి సహజమైన ఎరతో వేసేటప్పుడు ఈ రకం ముల్లు 2021 నుంచి తప్పనిసరి. కింది దవడలోంచి పైకి పోనిచ్చి పై పెదవిలోంచి తీయండి. ముల్లుకి ముందు 40 పౌండ్లు తట్టుకునే ఫ్లోరోకార్బన్ దారం మూడడుగులు చాలు. భుజం మీంచి బలంగా విసిరితే దవడ చిరిగి ఈల్ ఒక వైపు, ముల్లు ఒక వైపు పోతాయి. పక్కనుంచి మెల్లగా ఊపి వదలండి. నీళ్ళలో పడగానే దారం బిగించి నిదానంగా చుట్టాలి. వదులిచ్చారా, ఈల్ దారాన్ని ఒంటికి చుట్టుకుని ముడి పడుతుంది. ఆ ముడి విప్పే ఓపిక ఎవరికీ ఉండదు, కోసేయాల్సిందే. చేప అందుకున్నాక రాడ్ గుంజొద్దు. దారం బిగిసే దాకా ఆగి రీలు తిప్పితే ముల్లు దానంతట అదే మూతి మూలలో దిగుతుంది.

ఈ లెక్కలన్నీ పదునైన పళ్ళుండే బ్లూఫిష్ చేపలు రానంత వరకే. అవి వచ్చాయంటే తల మాత్రమే ముల్లుకి మిగిలి పైకొస్తుంది, తెగిన చోట కత్తితో కోసినంత నున్నగా ఉంటుంది. వరసగా రెండు ఈల్స్ అలా పోతే మూడోది గుచ్చకుండా చోటు మార్చండి, లేదా ప్లాస్టిక్ ఎరకి మారండి. ఆరు డాలర్లు పోయాక కూడా అక్కడే పంతానికి పోవడం వల్ల డజను అరగంటలో హరించుకుపోతుంది.

ధర తగ్గుతుందేమోనని ఎదురుచూడటం మాత్రం దండగ. అమెరికన్ ఈల్ ఉత్తర అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో పుట్టి, నదులకొచ్చి ఏళ్ళ తరబడి పెరిగి, ఒక్కసారి గుడ్లు పెట్టడానికి తిరిగి అక్కడికే వెళ్ళి చనిపోతుంది. చెరువుల్లో గుడ్లు పెట్టించి వ్యాపారంగా పెంచడం సాధ్యపడలేదు. నిల్వలు బాగా తగ్గిపోయాయని, తీరం మొత్తం మీద పిల్ల దశ దాటిన ఈల్స్ పట్టుబడి పరిమితిని 9,16,473 పౌండ్ల నుంచి 2025లో 5,18,281 పౌండ్లకి దించారు. ఉన్న సరుకు కోసం తిండికి ఈల్స్ అమ్మే వ్యాపారులూ పోటీపడతారు. సొంతంగా పట్టుకుందామంటే మనిషికి రోజుకి 25, ఒక్కోటి కనీసం 9 అంగుళాలు ఉండాలి. బోను పెట్టేముందు మీ రాష్ట్రపు లైసెన్సు నిబంధన చూసుకోండి.

మిగిలిపోయిన ఈల్స్‌ను వారం రెండు వారాలు దాచుకోవచ్చు. చీకటిగా చల్లగా ఉండే చోట, గాలి పంపు పెట్టిన టబ్బులో, మూత మీద బరువు పెట్టి ఉంచండి. కుళాయి నీళ్ళైతే క్లోరిన్ విరిచే మందు కలపకుండా వేయొద్దు. చచ్చినవాటిని ఉప్పు రాసి ఫ్రీజర్లో పెడితే తోలు ఒలిచి చెక్క ఎరలకి తొడగడానికి పనికొస్తాయి. కొన్నచోటికి దూరంగా ఉన్న ఏ చెరువులోనూ, రిజర్వాయరులోనూ మాత్రం వదలొద్దు. ఈల్ ఒంట్లో ఈదడానికి తోడ్పడే గాలి తిత్తిలో చేరే ఒక పరాన్నజీవి పురుగు అలాగే కొత్త నీళ్ళకి పాకుతుంది.