మెనోపాజ్ క్లినిక్: వైద్యం బాగుంది, వేళలే బాగాలేవు

హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి తన స్త్రీల వైద్య విభాగానికి అనుబంధంగా నడుపుతున్న మెనోపాజ్ (ముట్లుడిగే దశ) క్లినిక్ గురించి, అక్కడ చికిత్స పొందుతున్న బ్యాంకు ఉద్యోగినిగా ఈ సమీక్ష రాస్తున్నాను. 45 ఏళ్ళు దాటి, నెలసరి క్రమం తప్పి, రాత్రి చెమటలతో నిద్ర చెడి, పగలు లెక్కలు సరిచూసేటప్పుడు మనసు నిలవక ఇబ్బందిపడే ఉద్యోగినులకు ఈ సేవ ఏ మేరకు పనికొస్తుందన్నదే నేను చూసిన విషయం.

అన్నిటికంటే విలువైనది మొదటి సంప్రదింపు. నెలసరి, రక్తస్రావం, నిద్ర గురించి అడిగిన తరువాత డాక్టరు గారు నేరుగా ఉద్యోగంలోకి వచ్చారు: ఎంతసేపు కదలకుండా కూర్చుంటారు, గాలి ఆడుతుందా, మధ్యలో లేచి వెళ్ళే వీలుందా, వేడి ఆవిర్లు ఏ వేళలో వస్తున్నాయి అని అడిగి, అవన్నీ ఒక పుస్తకంలో రాసి తెమ్మన్నారు. నా సీటు మార్చవలసిందిగా ఆఫీసుకు ఒక ఉత్తరం కూడా ఇచ్చారు. ఏసీ రిమోటు ఎవరి చేతిలో ఉండాలన్నది మా బ్రాంచిలో చిన్న విషయం కాదు కనుక, ఆ ఉత్తరం మందులకు తీసిపోని మేలు చేసింది.

హార్మోన్ చికిత్స, అంటే ఈ దశలో తగ్గే ఈస్ట్రోజన్ వంటి స్త్రీ హార్మోన్లను మందుగా ఇవ్వడం గురించి ఆమె చెప్పిన తీరు కూడా మెచ్చదగినది. 2002లో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనంలో రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన భాగాన్ని రొమ్ము క్యాన్సరు, గుండెజబ్బుల ముప్పు కనిపించి మధ్యలోనే ఆపివేయడంతో పుట్టిన భయం ఇప్పటికీ పోలేదు. ఆ అధ్యయనంలోని స్త్రీల సగటు వయసు 63 అనీ, 60 ఏళ్ళ లోపు లేదా ముట్లుడిగిన పదేళ్ళ లోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకు లాభనష్టాల లెక్క వేరుగా ఉంటుందనీ, గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ తప్పక వాడాలనీ, చర్మంపై రాసుకునే జెల్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రలకంటే తక్కువనీ వివరించి, నిర్ణయాన్ని నాకే వదిలారు. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి సాధారణంగా ఈ చికిత్స ఇవ్వరని కూడా ముందే చెప్పారు. అధిక రక్తస్రావానికి గర్భసంచి తీయించుకొమ్మనే సలహా సులభంగా దొరికే మన తెలుగు రాష్ట్రాలలో, ముందుగా స్కానింగు చేయించి, రక్తహీనతను సరిచేసి, మందులతో అదుపు చేయడానికి ప్రయత్నించడం నాకు ఎంతో ఊరటనిచ్చింది.

కౌంటరు దగ్గర మాత్రం వ్యవహారం వేరు. డాక్టరును చూడకముందే హార్మోన్ పరీక్షలన్నీ కలిపిన ప్యాకేజీ తీసుకొమ్మంటారు. 45 దాటి లక్షణాలు స్పష్టంగా ఉన్నవారిలో ఈ దశను గుర్తించడానికి ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్) పరీక్ష సాధారణంగా అవసరం ఉండదు. పైగా ఈ దశలో దాని స్థాయి హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. డాక్టరు గారు రాసినవి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు వంటి కొన్ని పరీక్షలే. కనుక ముందు సంప్రదింపు రుసుము మాత్రమే చెల్లించి, పరీక్షల సంగతి లోపల తేల్చుకోవడం మంచిది.

అసలు లోపం వేళలది. పనిచేసే వయసులోని స్త్రీల కోసమే పెట్టిన క్లినిక్ పనిదినాలలో ఉదయం పూట మాత్రమే తెరిచి ఉండటం ఏ లెక్కన సబబో నాకు అర్థం కాలేదు. మందు మోతాదు సరిచూడటానికి మళ్ళీ మళ్ళీ రావలసిన చికిత్స ఇది; వచ్చిన ప్రతిసారీ సెలవు పెట్టాలి. ఫోనులో సంప్రదించే ఏర్పాటు ఉన్నా, అది రిపోర్టులు చూడటానికే పరిమితం. జీతంలో కోత పడే ప్రైవేటు ఉద్యోగినులు, రోజు కూలికి వెళ్ళేవారు మధ్యలోనే మానుకుంటే వారిని తప్పుపట్టలేము. శనివారం సాయంత్రం రెండు గంటలు తెరిచినా ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

సెలవు దొరికేవారికి ఈ క్లినిక్‌ను సందేహం లేకుండా సూచిస్తాను. అయితే పన్నెండు నెలలు నెలసరి పూర్తిగా ఆగిన తరువాత మళ్ళీ రక్తస్రావం కనిపిస్తే, ఇక్కడి అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా దగ్గరలోని స్త్రీ వైద్యురాలికి వెంటనే చూపించుకోండి.