నరసింహారెడ్డి వేషం అద్దెకు: గుడ్డలు బాగున్నాయి, ఇచ్చే కాగితమే మార్చాలి

కర్నూలు పాత బస్టాండు వైపు వేషాలు అద్దెకిచ్చే ఒక దుకాణంలో ఆగస్టు 15కీ జనవరి 26కీ ఎక్కువగా పోయేది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి సెట్టు. రోజు అద్దె 350, అడ్వాన్సు 500. కుట్టిన పంచె, పొడుగు చేతుల అంగీ, నడుముపట్టీ, తలపాగా, మీసం, అట్టకత్తి, ఒక తాడు, లామినేషన్ చేసిన డైలాగుల కాగితం ఇస్తారు.

పంచె, అంగీ బాగున్నాయి. రెండూ కాటన్‌వే, ఉతికి ఇస్తున్నారు. కచ్చ ముందే కుట్టి, నడుముకు ఎలాస్టిక్ వేశారు కాబట్టి స్టేజీ మీద ఊడే భయం లేదు. వయసు చెప్పి సైజు అడిగితే మాత్రం పెద్దది చేతిలో పెడతారు. పిల్లవాడి నడుము నుంచి చీలమండ దాకా టేపుతో కొలిచి, అంతకంటే రెండంగుళాలు తక్కువది తీసుకోండి. అంచు నేలకు జీరాడితే మెట్లెక్కేటప్పుడే కాలికి పడుతుంది.

తలపాగా అట్ట మీద గుడ్డ చుట్టి చేసింది. చిన్నపిల్లల తలకు వదులు, రెండు డైలాగులకే కళ్ల మీదికి జారుతుంది. లోపల పేపరు కుక్కితే చెమటకు మెత్తబడి మళ్లీ జారుతుంది. మూడు మీటర్ల పాత పంచెగుడ్డ తలకు బిగించి చుట్టడం మేలు. తలపాగాకు రాళ్ల తురాయి కూడా అతికించారు. అడిగితే తీసి ఇస్తారు, తప్పకుండా తీయించండి. నరసింహారెడ్డి కిరీటం పెట్టుకున్న రాజు కాదు. పాలెగాళ్ల వంశమే, కానీ 1800లో ఈ సీమ కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి పోయాక ఆ ఇంటికి భరణం తప్ప ఏమీ మిగల్లేదు. ఆయనకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల చిల్లర. నెత్తిన రాళ్లు మెరుస్తుంటే ఆ అవమానం పిల్లలకెలా అర్థమవుతుంది?

మీసం అతుక్కోవాలంటే పైపెదవి పొడిగుడ్డతో తుడిచాకే గమ్ రాయాలి. పౌడరు ముందు వేస్తే గమ్ పట్టదు. అర నిమిషం ఆరనిచ్చి మధ్యలో మొదట అదిమి, తర్వాత చివరలు అదమండి. తీసేటప్పుడు లాగకుండా కొబ్బరినూనె రాస్తే దానంతటదే వస్తుంది. కత్తి పిడి దగ్గర అట్ట రెండు ముక్కలుగా అంటించి ఉంది, ఊపితే అక్కడే విరుగుతుంది. లోపల ఐస్‌క్రీం పుల్ల పెట్టి టేపు చుట్టుకోండి.

తాడు మాత్రం దుకాణంలోనే వదిలేసి రండి. అది ముడి వేసిన నైలాను తాడు, జారుముడి. ఉరి సీను కోసమట. ఏ పిల్లవాడి మెడలోనూ అది వేయకూడదు, నటనకైనా సరే. చేతులు ముందుకు చాచి, మణికట్ల మీద తువ్వాలు వదులుగా వేసి, ఇద్దరు పిల్లల మధ్య నాలుగడుగులు నడిపిస్తే చాలు. చూసేవాళ్లకు అంతకంటే చెప్పనక్కర్లేదు.

ఇక కాగితం. అందులో ఆయన్ను 1857 తిరుగుబాటు వీరుడన్నారు, కర్నూలు కోటలో ఉరి తీశారన్నారు, ఒంటరిగా పోరాడాడన్నారు. మూడూ తప్పే. తిరుగుబాటు 1846లో, అంటే సిపాయిల తిరుగుబాటుకు పదకొండేళ్ల ముందు. ఉరి తీసింది కోవెలకుంట్లలో, 1847 ఫిబ్రవరి 22న, జనం చూస్తుండగా. అప్పట్లో కోవెలకుంట్ల కడప జిల్లా కింద ఉండేది, కలెక్టరు కాక్రేన్. ఒంటరి అనడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఊళ్లకు కాపలా కాసే కట్టుబడుల ఇనాము భూములను కుంఫిణీ వెనక్కి లాక్కుంటుంటే వాళ్లంతా ఆయన వెంట నడిచారు. ఆయనతో నిలిచిన వడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న పేర్లు రేనాడులో, అంటే కోవెలకుంట్ల చుట్టుపక్కల సీమలో, తెలియనివారు అరుదు. 901 మంది మీద కేసు పెట్టి 112 మందికి శిక్ష వేశారు. ఆ కట్టుబడుల వేషాలకు అద్దె కట్టే పని కూడా లేదు. కంబళి, తలగుడ్డ, చేతిలో కర్ర ఉంటే సరిపోతుంది. ఒక్క వేషం ఖర్చుతో పదిమంది పిల్లలు స్టేజీ ఎక్కవచ్చు.

డైలాగులు మీరే రాసుకోవాలంటే ఈ వరసలో వెళ్లండి: భరణం, కట్టుబడుల భూములు, 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి, నల్లమల, అక్టోబరు 6న పేరుసోముల కొండల్లో పట్టుబడటం, ఉరి. రెండేసి వాక్యాలు చాలు, ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. ఉరి తర్వాత ఆయన తలను 1877 దాకా, ముప్ఫై ఏళ్లు, కోవెలకుంట్ల కోటకు వేలాడదీసి ఉంచారు. ఆ మాట వేషం వేసిన పిల్లవాడి చేత అనిపించవద్దు. అతను అప్పటికే లోపలికి వెళ్లిపోవాలి. కట్టుబడి పిల్లల్లో ఒకరు ముందుకొచ్చి, ఖాళీ స్టేజీ మీద నిలబడి, మెల్లగా చెప్పాలి.

సరిచేసిన కాగితం రాసిస్తే లామినేషన్ చేయించి సెట్టులో పెడతామని దుకాణంవాళ్లు ఒప్పుకున్నారు. అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. తీసుకునేటప్పుడు కాగితం కొత్తదో పాతదో చూడండి. పాతదైతే అక్కడే తిరిగిచ్చేయండి.

ఆగస్టు 14 సాయంత్రం వెళితే చిన్న సైజులు దొరకవు, 10లోపే పేరు రాయించుకోండి. 16 మధ్యాహ్నంలోగా తిరిగివ్వకపోతే ఇంకో రోజు అద్దె పట్టుకుంటారు. కత్తి విరిగితే అడ్వాన్సులో 60 కోస్తారు, కాబట్టి తీసుకునేటప్పుడే పిడిని వాళ్ల ముందే ఒకసారి ఊపి చూపించండి.